కుట్టు పోయింది, రంధ్రం మిగిలింది: మధ్యయుగపు తోలుసంచి, మన లంద

చొక్కాకు జేబు ఉండటం మనకు ఎంత మామూలైపోయిందంటే, జేబే లేని కాలం ఒకటి ఉండేదన్న సంగతి తోచదు. యూరప్‌లో బట్టలోనే కలిపి కుట్టిన జేబు పదహారో శతాబ్దం దాటాకగానీ వాడుకలో స్థిరపడలేదు. అంతకు ముందు ప్రభువు దగ్గర్నుంచి పాలేరు దాకా, ఆడా మగా తేడా లేకుండా, నడికట్టుకు ఒక సంచి వేలాడేది. నాణేలు, తాళంచెవి, చెకుముకి, దువ్వెన, జపమాల అన్నీ దాంట్లోనే. ఆ కాలపు దొంగ జేబు కొట్టేవాడు కాదు, సంచి తాడు కోసుకుపోయేవాడు. మన దగ్గరా అంతే. వక్కాకు తిత్తి, షావుకారి మొలకున్న జాలె, నెయ్యి పోసే సిద్దె, బావిలో నీళ్లు తోడే మోటబాన, ఇవన్నీ ఒకప్పుడు మన బతుకులో భాగమే.

ఇవాళ యూరప్, అమెరికాల్లో మధ్యయుగపు తోలుసంచులను అప్పటి పద్ధతిలోనే మళ్లీ తయారుచేసే పని పెద్దఎత్తున సాగుతోంది. మ్యూజియంలు, పురావస్తు పరిశోధకులు, పాత కాలపు వేషంతో ఉత్సవాలు జరుపుకునే బృందాలు ఇందులో ఉన్నాయి. ఒక చిన్న సంచి కోసం తవ్వకాల నివేదికలు చదువుతారు, రంధ్రాల మధ్య దూరం కొలుస్తారు, దారం పురి ఎటు తిరిగిందో చర్చిస్తారు. ఈ పని గురించి దళిత అధ్యయనాల పత్రికలో రాయడమేమిటని ఎవరికైనా అనిపించొచ్చు. మా జవాబు ఒక్కటే. అదే ఆరె, అదే రంపె, అదే లంద. అక్కడ ఆ పనిముట్లు చరిత్రకు ఆధారాలయ్యాయి. ఇక్కడ అవే పనిముట్లు ఒక కులానికి ముద్ర అయ్యాయి. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే ముందు సంచి ఎట్లా తయారవుతుందో తెలియాలి.

మట్టి దాచిందీ, మట్టి తిన్నదీ

1939లో ఇంగ్లండ్‌లోని సటన్ హూ అనే చోట ఏడో శతాబ్దం తొలినాళ్ల సమాధి ఒకటి బయటపడింది. దాంట్లో ఒక డబ్బుసంచి ఉంది. బంగారు చట్రం, ఎర్రరాళ్లు పొదిగిన మూత, లోపల 37 బంగారు నాణేలు దొరికాయి. సంచి మాత్రం లేదు. కంసాలి పని మిగిలింది, తోలుపని మట్టిలో కలిసిపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో ఇవాళ మనం చూసేది సంచి లేని సంచిమూత!

తోలు ఎక్కడంటే అక్కడ మిగలదు. గాలి చొరని తడి బురదలో, అదీ చెట్టు చెక్కతో ఊనిన తోలైతేనే వందల ఏళ్లు నిలుస్తుంది. అందుకే థేమ్స్ ఒడ్డున లండన్‌లో, 1976-81 మధ్య యార్క్ నగరంలోని కాపర్‌గేట్ తవ్వకాల్లో, నెదర్లాండ్స్ పట్టణాల పాత కాలువల్లో, దొడ్డిగుంటల్లో తోలు ముక్కలు కుప్పలుగా దొరికాయి. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో నావికుల తోలుసంచులూ బయటపడ్డాయి. నెదర్లాండ్స్‌లో దొరికిన సంచులన్నిటినీ ఒక్కచోట చేర్చి ఓలాఫ్ గూబిట్స్ ఒక పుస్తకమే తెచ్చాడు. సంచుల తయారీదారులకు ఇవాళ అది పెద్దబాలశిక్ష లాంటిది.

పటిక, ఉప్పు, పిండి, గుడ్డుసొన పట్టించి తెల్లగా చేసిన తోలు మెత్తగా ఉంటుంది. ఖరీదైన సంచులకు, చేతి తొడుగులకు దాన్నే వాడేవాళ్లు. కానీ తడి తగిలితే పటిక కరిగిపోతుంది, తోలు కుళ్లిపోతుంది. కాబట్టి తవ్వకాల్లో దొరికిందే అంతా అనుకుంటే పొరపాటు. దొరకనిది ఎందుకు దొరకలేదో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇంకొకటి, కుట్టిన దారం అవిసెనారది. అదీ కుళ్లిపోతుంది. పరిశోధకుల చేతికొచ్చేది తోలు ముక్క, దాని అంచున వరస రంధ్రాలు, అంతే. కుట్టు పోయింది, రంధ్రం మిగిలింది. రంధ్రం లోపలినుంచి పొడిచారా, బయటినుంచా? దారం లాగినచోట తోలు ఎటు సాగింది? అంచు మీద నొక్కుడు గుర్తు ఉందా? వీటిని చదివి మాయమైన కుట్టును మళ్లీ ఊహిస్తారు. లేనిదాని ఆనవాలు పట్టుకుని ఉన్నదాన్ని నిరూపించే ఈ పద్ధతి మనకెంత అవసరమో తర్వాత మాట్లాడుకుందాం.

సంచి పుట్టుక

పచ్చితోలును ముందు కడిగి, సున్నం గుంటలో నానబెడతారు. వెంట్రుక వదులవుతుంది. ఏటవాలు మొద్దు మీద పరచి, రెండు పిడుల కత్తితో పైన వెంట్రుక, లోపల కండ గీకేస్తారు. తర్వాత సున్నం విరిగి తోలు మెత్తబడటానికి కుక్కపెంటో, పక్షిరెట్టో కలిపిన గోరువెచ్చని నీళ్లలో వేస్తారు. అవును, మధ్యయుగపు యూరప్ తోలుకారుడు చేసిన పని ఇదే. ఆ తర్వాత ఓక్ చెట్టు చెక్కను దంచి, ఆ పొడికీ తోలుకూ పొర మీద పొర వేసి గుంటల్లో నెలల తరబడి ఊననిస్తారు. చెప్పు అట్టకు వాడే తోలు 12 నెలలు, పైతోలు 9 నెలలు గుంటలో ఉండాలని 1563లో ఇంగ్లండ్ చట్టమే చేసింది. చెక్కలోని వగరు తోలులోని నారతో కలిసిపోతే ఇక అది కుళ్లదు.

సంచికి మేకతోలు, గొర్రెతోలు, లేగదూడ తోలు తీసుకునేవాళ్లు. అన్నిటికంటే తేలికైనది లాగుడుతాడు సంచి. గుండ్రంగానో, అడుగు గుండ్రంగా ఉండేట్టో రెండు ముక్కలు కోస్తారు. రెండిటినీ నున్నటి ముఖాలు లోపలికి ఎదురెదురుగా ఉండేట్టు పెట్టి, మూతి వదిలేసి చుట్టూ కుడతారు. రెండు ముక్కల నడుమ సన్నటి తోలుపట్టీ ఒకటి పెడితే కుట్టు బలంగా ఉంటుంది, తిప్పిన తర్వాత దారం బయటికి కనపడదు, దారం అరగదు.

కుట్టడానికి ఉక్కు సూది వాడరు. నాలుగైదు అవిసె పోగుల్ని కలిపి, కొసలు సన్నబడేట్టు పేని, తేనెమైనం, చెట్టుబంక కలిపిన ముద్దతో రుద్దుతారు. ఆ కొసకు అడవిపంది వెంట్రుకను పేనుతారు. వెంట్రుక వంగుతుంది, విరగదు, ఆరె చేసిన వంకర దారిలో దూరిపోతుంది. ఆరెతో ఒక్కొక్క రంధ్రమే పొడుస్తూ, దారం రెండు కొసల్నీ అదే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చి బిగిస్తారు. ఒక పోగు తెగినా రెండో పోగు పట్టి ఉంచుతుంది. పలచటి తోలులో ఆరె నున్నటి ముఖాన్ని తాకకుండా, కండవైపు పొడిచి అంచులోంచి బయటికి తీస్తారు. పనితనమంతా ఇక్కడే. రెండు వెంట్రుకల మందం పొరపాటు పడితే ముఖం చిరుగుతుంది.

కుట్టాక తడిపి, మూతిలోంచి చేయి పెట్టి సంచిని తిరగేస్తారు. లోపలున్న నున్నటి ముఖం బయటికొస్తుంది. మూతి చుట్టూ చిన్న గాట్లు పెట్టి రెండు తోలుతాళ్లు ఎదురెదురు దిక్కుల నుంచి ఎక్కిస్తారు. రెండూ ఒకేసారి లాగితే మూతి ముడుచుకుంటుంది. నడికట్టుకు తగిలించే పెద్ద సంచికైతే వెనక ముక్కనే పొడుగ్గా కోసి ముందుకు వంచి మూత చేస్తారు, వెనక రెండు ఉంగరాల్లాంటి పట్టీలు పెడతారు, లోపల మరో చిన్న అర కుడతారు. చివర కొంచెం కొవ్వో మైనమో పట్టిస్తే పని ముగిసినట్టే.

ఇలాంటి ఒక తునక బొమ్మను, రంధ్రాలతో సహా కాగితం మీద గీసుకుని, మేము తెలంగాణలో ఒక పల్లెలో డెబ్బై దాటిన ఒక మాదిగ పెద్దాయనకు చూపించాం. అదెక్కడిదో చెప్పలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గీ బొక్కలు సూడు బిడ్డా, మొకం మీద ఒక్కటి గూడ లేదు. లోపట కుట్టి తిరగేసిండు. రెండు మొనల కుట్టు" అన్నాడు. ఇది ఎనిమిది వందల ఏళ్ల నాటిది, ఇంగ్లండ్‌ది తాతా అని మేమన్నాం. ఆయన అడిగిన ప్రశ్న మేమనుకున్నది కాదు. "గట్లనా. మరి చేసినోనికి ఏమిచ్చిండ్రు?" అన్నాడు. దుకాణం పెట్టుకుని అమ్ముకునేవాడు, వాడి సంఘం వాడికుండేది అని చెప్పాం. "మాకు కల్లంకాడ గింజలు. అవి గూడ దొర ఇష్టం" అని కాగితం తిరిగిచ్చేశాడు.

కంపు వాదం నిలబడుతుందా?

అంటరానితనానికి మన అగ్రకుల పండితులు చెప్పే కారణాల్లో ఒకటి శుభ్రత. తోలుపని కంపు కొడుతుంది కాబట్టి దూరం పెట్టారు, అది ఆరోగ్య సూత్రమే తప్ప అన్యాయం కాదు అంటారు. కంపే కారణమైతే యూరప్ తోలుకారుడి గుంట కంపు కొట్టలేదా? కుక్కపెంట, మూత్రం, సున్నం, కుళ్లిన కండ అక్కడా ఉన్నాయి. కంపు వల్ల అక్కడ కూడా తోలుగుంటల్ని నీళ్ల పక్కన, ఊరి అంచున, గాలి ఊళ్లోకి కొట్టని చోట పెట్టేవాళ్లు. దూరం పెట్టింది గుంటని. ఇక్కడ గుంటతో పాటు మనిషినీ, అతని బిడ్డనీ, ఆ బిడ్డకు పుట్టబోయే బిడ్డనీ దూరం పెట్టారు. సాయంత్రం స్నానం చేసినా పోని కంపు తోలుది కాదు, కులానిది.

పారిస్‌లో సుమారు 1268లో ఏతియెన్ బోయిలో అనే అధికారి నగరంలోని వృత్తుల నియమాలన్నీ రాయించాడు. వాటిలో తోలు సంచులు కుట్టేవాళ్ల నియమాలూ ఉన్నాయి. లండన్‌లో తోలు వర్తకుల సంఘానికి 1444లో రాజపత్రం దొరికింది. సంచులు కుట్టేవాళ్ల సంఘం తర్వాతి కాలంలో అందులోనే కలిసింది. నూరెంబర్గ్‌లో 1388లో కోన్రాడ్ మెండెల్ అనే వర్తకుడు పన్నెండు మంది ముసలి, పేద చేతిపనివాళ్లకు ఆశ్రయమిచ్చే ఇల్లు కట్టించాడు. సుమారు 1425 నుంచి ఆ ఇంట్లో ఉన్నవాళ్లలో ఒక్కొక్కరి బొమ్మ వేయించి పుస్తకంలో పెట్టారు. ప్రతి ముసలాయనా తన పనిముట్టుతో, తన పని చేస్తూ, తన పేరుతో అందులో ఉన్నాడు. తోలుపనివాళ్లూ ఉన్నారు. ఇవాళ సంచులు కుట్టేవాళ్లు చేయి ఎట్లా పట్టాలో, మోకాలి మీద తోలు ఎట్లా ఆనించాలో తెలుసుకునేది ఇలాంటి బొమ్మల్లోంచే. అదే కాలంలో ఓరుగల్లులోనూ, హంపీలోనూ జీను కుట్టినవాడి, డప్పుకు తోలు బిగించినవాడి పేరు చెప్పమంటే ఏ పుస్తకం తెరవాలి?

యూరప్‌ను స్వర్గంగా చూపించడం మా ఉద్దేశం కాదు. ఆ సంఘాలు బయటివాళ్లకు తలుపులు మూసేవి, యూదుల్ని రానిచ్చేవి కావు, ఆడవాళ్లకు చాలాచోట్ల హక్కులు లేవు. జర్మన్ దేశాల్లో చచ్చిన పశువు తోలు ఒలిచేవాణ్ని, తలారినీ 'గౌరవం లేనివాళ్లు'గా చూసేవాళ్లు. వాళ్లను తాకితే తమ గౌరవం పోతుందని చేతిపనివాళ్లు భయపడేవాళ్లు. 1731లో సామ్రాజ్య చట్టం చాలా వృత్తుల మీద ఆ మచ్చ తీసేసినా తోలు ఒలిచేవాడికి పూర్తిగా తీయలేదు. జపాన్‌లో తోలుపని చేసే సమూహాలపై అంటరానితనం లాంటిదే అమలైంది. 1871లో ప్రభుత్వ ఉత్తర్వు దాన్ని రద్దు చేసినా వివక్ష పోలేదు. 1922లో ఆ ప్రజలే సుయిహేషా అనే సంఘం పెట్టుకుని పోరాడాల్సి వచ్చింది.

ఈ పోలికలు చెప్పేదేమిటి? చావు చుట్టూ భయం, అసహ్యం చాలా సమాజాల్లో ఉన్నాయి. కానీ జర్మన్ దేశాల్లో ఆ మచ్చ పశువును ఒలిచినవాడి మీద పడి, సంచి కుట్టినవాడి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. మన దగ్గర ఒలిచేదీ, ఊనేదీ, కోసేదీ, కుట్టేదీ, డప్పు కొట్టేదీ ఒకే కులమని శాసించి, మొత్తం మీద మైల రుద్దారు. కులమంటే పనిని విభజించడం మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనే విభజించడమని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. తోలుసంచి దానికి ప్రత్యక్ష సాక్ష్యం. మోటబాన నీళ్లతో పొలం మైలపడదు, సిద్దెలో నెయ్యి మైలపడదు, కుట్టిన మనిషే మైల!

తంగేడు పువ్వు, తంగేడు చెక్క

యూరప్‌కు ఓక్ చెక్క ఎట్లాగో మనకు తంగేడు చెక్క అట్లాగ. తుమ్మచెక్క, కరక్కాయ కూడా వాడేవాళ్లు. పలచటి తోళ్లను తంగేడు చెక్క వారాల్లోనే ఊనుస్తుంది. దక్కను పల్లెల్లో ఇంకో పద్ధతి ఉంది. తోలునే సంచిలా కుట్టి, లోపల దంచిన చెక్క, నీళ్లు నింపి చెట్టుకో కర్రలకో వేలాడదీస్తారు. వగరు నీళ్లు తోలులోంచి ఊరి కిందికి కారుతుంటే మళ్లీ పైన పోస్తారు. గుంట అక్కర్లేదు, తోలే తనకు తాను పాత్ర అవుతుంది. ఇంత తెలివైన పద్ధతి కనిపెట్టినవాణ్ని శాస్త్రజ్ఞుడని ఎవరూ అనలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి లండన్‌కు పోయిన తోళ్లు ఈ చెక్కతో ఊనినవే. యూరప్‌లో సంచులుగా, పుస్తకాల అట్టలుగా, చెప్పులుగా మారిన తోలులో మన గూడేల చెమట కూడా ఉంది. 1904లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు రాజధానిలోని తోలుపని మీద ఒక పుస్తకం రాశాడు, 1909లో థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో మాదిగల గురించి రాశాడు. ఒకరికి కావలసింది పరిశ్రమ, మరొకరికి కావలసింది వింత. పనివాడు తన పని గురించి తాను చెప్పుకున్న మాట ఆ పుస్తకాల్లో వెతికితే ఎంత దొరుకుతుంది?

తర్వాత క్రోమ్ ఊనుడు వచ్చింది, ఫ్యాక్టరీ చెప్పు వచ్చింది, బావి మీదికి కరెంటు మోటారు వచ్చి మోటబాన మూలపడింది. పని పోయింది, కులం పోలేదు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక తంగేడు పువ్వు రాష్ట్ర పుష్పమైంది. బతుకమ్మ మీద పువ్వుకు పూజ జరుగుతోంది. అదే చెట్టు చెక్కను దంచిన చేతుల్ని ఎవరు తలుచుకున్నారు?

మనం చేయాల్సిన పని

విదేశీ ఉత్సవాల్లో వేసుకునే మధ్యయుగపు వేషసామగ్రిలో చాలా భాగం ఇవాళ మన దేశంలోనే తయారవుతోంది. కాన్పూర్‌లో 1860ల నుంచి జీనులు, గుర్రపు సరంజామా చేసే పరిశ్రమ ఉంది. ఉత్తరాది పట్టణాల నుంచి కత్తులు, ఒరలు, నడికట్లు, సంచులు ఓడలెక్కుతున్నాయి. అక్కడి కొనుగోలుదారుకు పదమూడో శతాబ్దపు చేతిపనివాడి మీద గౌరవం ఉంది, తన సంచి కుట్టిన ఇరవై ఒకటో శతాబ్దపు మనిషి ఊసు తెలియదు. ఇక్కడైతే 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. దానికి జవాబుగా దళితులు పశువుల కళేబరాల్ని కలెక్టరు ఆఫీసు ముందు పడేసి, మీ పని మీరే చేసుకోండి అన్నారు. ఆ నిరాకరణ కూడా తోలుపని చరిత్రలో ఒక అధ్యాయమే.

కాబట్టి మళ్లీ లందల్లోకి పోదామని మేము అనడం లేదు. మా తాతలు పడ్డది చాలు, ఆ ఊసే వద్దనే దళిత యువకుల కోపం న్యాయమైనది. తోలుపనిని కళ అని పొగిడి, పనివాణ్ని అక్కడే ఉంచాలనుకునే గాంధేయ జాలి మనకొద్దు. కానీ పనిని వదిలేయడం వేరు, ఆ పనిలోని జ్ఞానాన్ని వదిలేయడం వేరు. పనిని వదిలేయడం విముక్తి. జ్ఞానాన్ని వదిలేస్తే, మనకు ఏమీ తెలియదన్న వాళ్ల అబద్ధాన్ని మనమే ఒప్పుకున్నట్టు.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. ఆరె, రంపె, లంద, తిత్తి, సిద్దె, బాన, వారు, వీటి భాగాల పేర్లు, రకాలు, కొలతలు ఊరూరా సేకరించాలి. ఏ చెక్క ఎన్ని రోజులు, ఏ తోలుకు ఏ కుట్టు అన్నది పెద్దల నోట వినాలి, గీయాలి, వాళ్ల అనుమతితో వాళ్ల పేరు పెట్టి రాయాలి. ఇళ్లల్లో అటకల మీద మిగిలిన పాత తిత్తి ఒక్కటున్నా దాని రంధ్రాలు లెక్కపెట్టాలి. మిగలని వస్తువును మళ్లీ చేసి చూడాలి. చేసి చూసినప్పుడే ఎంత లెక్క, ఎంత ఓర్పు అందులో ఉన్నాయో తెలుస్తుంది. గూబిట్స్ తన దేశపు కాలువ బురదలోంచి ఒక పుస్తకం తేగలిగినప్పుడు, బతికున్న మనుషుల జ్ఞాపకాల్లోంచి మనం తేలేమా?

ఆ పెద్దాయన వయసు డెబ్బై దాటింది. బురద వందల ఏళ్లు దాచిపెడుతుంది, మనిషికి అంత వ్యవధి ఉండదు.